లండన్‌లో మొదటిసారి బ్యాలే చూడాలంటే ఏం చేయాలి: టికెట్ కొనే ముందు ఇది చదవండి

కొత్తగా లండన్ వచ్చిన మనవాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు, "ఒక బ్యాలే చూడాలనుంది, ఏది చూడమంటావ్, టికెట్ ఎక్కడ కొనాలి, అసలు మనకి అర్థమవుతుందా" అని. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పి చెప్పి విసుగొచ్చింది, అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నా. నేనేం డాన్సర్ని కాదు, చిన్నప్పుడు తెనాలిలో రెండేళ్ళు కూచిపూడి నేర్చుకుని అరమండి దగ్గర మోకాళ్ళు నొప్పని మానేసిన బాపతు, కానీ ఇక్కడికొచ్చిన తొమ్మిదేళ్ళుగా జీతంలో కొంత ఈ పిచ్చికే పోతోంది. మా ఊళ్ళో కూచిపూడి వాళ్ళు నృత్యనాటకం వేసినా దాన్ని బ్యాలే అనే అనేవాళ్ళు కాబట్టి ఆ మాట నాకు ముందే తెలుసు, అసలు సరుకు, అంటే మునివేళ్ళ మీద నిలబడి మాటల్లేకుండా కథ ఆడే ఈ పాశ్చాత్య నాట్యం, ఇక్కడికొచ్చాకే చూశా.

1. ముందు ఏది చూడాలో తేల్చుకోండి

అందరూ స్వాన్ లేక్ అంటారు. నా మాట విని మొదటిసారికి అది వద్దు. అది బాలేదని కాదు, బావుంటుంది కాబట్టే దాచుకోమంటున్నా. నాలుగు అంకాలు, ఇంటర్వెల్స్‌తో కలిపి దాదాపు 3 గంటలు, మొదటి అంకమంతా రాకుమారుడి పుట్టినరోజు పార్టీలోనే గడిచిపోతుంది, మంత్రంతో హంసగా మారిపోయిన హీరోయిన్ వచ్చేసరికి పొద్దున్నుంచి ఆఫీస్‌లో పని చేసి వచ్చిన మనిషి తల వాల్చేస్తాడు, నా పక్కనే ఒకాయన గురక పెట్టాడు, ఆయన్ని తీసుకెళ్ళింది నేనే.

జిజెల్‌తో మొదలుపెట్టండి. 1841లో పారిస్‌లో మొదటిసారి వేశారు, రెండే అంకాలు, ఇంటర్వెల్‌తో కలిపినా రెండు గంటల చిల్లరే. కథ మనవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. పల్లెటూరి పిల్లని ఒక జమీందారు కుర్రాడు మారువేషంలో వచ్చి ప్రేమలోకి దింపుతాడు, వాడికి ముందే వేరే సంబంధం కుదిరిందని అందరి ముందూ బయటపడుతుంది, ఆ పిల్ల మతి చెడి చచ్చిపోతుంది. రెండో అంకంలో శ్మశానం, పెళ్ళి కాకుండా చచ్చిపోయిన ఆడపిల్లలంతా దయ్యాలై అర్ధరాత్రి అడవిలోకొచ్చిన మగాళ్ళని చచ్చేదాకా ఆడిస్తుంటారు, వాడు సమాధి దగ్గరికి ఏడుస్తూ వస్తాడు, ఆ పిల్లే వాణ్ణి తెల్లారేదాకా కాపాడుతుంది. మోసం చేసినవాణ్ణి ఎందుకు కాపాడిందో నాకిప్పటికీ మింగుడు పడదు, అయినా ప్రతిసారీ ఏడుస్తా.

నవ్వుకోవాలనుంటే లా ఫీ మాల్ గార్డే చూడండి, ఫ్రెడరిక్ ఆష్టన్ అనే కొరియోగ్రాఫర్ 1960లో చేసిన వెర్షన్. కోళ్ళు డాన్స్ చేస్తాయి, కూతురికి డబ్బున్న సంబంధం చేద్దామని చూసే తల్లి వేషం మగ డాన్సర్ వేస్తాడు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామని చూసి తరించిన జాతి మనది, ఆ విషయంలో ఇక్కడివాళ్ళు మనకి కొత్తగా చూపించేదేం లేదు కానీ, ఆ తల్లి చేసే చెక్క చెప్పుల డాన్స్ మాత్రం మిస్సవకండి.

క్రిస్మస్ కథ నట్‌క్రాకర్ అయితే డిసెంబర్లో, పిల్లలుంటేనే. ధరలు మండిపోతాయి, పక్క సీట్లో ఎవరి పిల్లో మొదటి అంకమంతా ప్రశ్నలడుగుతూనే ఉంటుంది. ఇక్కడి పెద్ద కంపెనీ రాయల్ బ్యాలే వాళ్ళు వేసేది పీటర్ రైట్ 1984లో చేసింది, అందులో క్రిస్మస్ చెట్టు స్టేజి మీద మన కళ్ళ ముందే పెరిగి పెరిగి పైకెళ్ళిపోతుంటే నాకు సురభి వాళ్ళ మాయాబజార్ గుర్తొచ్చింది, హాల్లో పిల్లలంతా ఒకేసారి "ఓ" అన్నారు, నేనూ అన్నా.

మేయర్లింగ్, మానన్ లాంటి కెన్నెత్ మెక్‌మిలన్ బ్యాలేలు నాకు ప్రాణం, కానీ ఇండియా నుంచి వచ్చిన అత్తగారి పక్కన కూర్చుని చూసేవి కావు. అంతకుమించి చెప్పను.

లా బయదేర్ గురించి కూడా అడుగుతారు, ఇండియా కథ కదా అని. మారియస్ పెటిపా 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చేసింది, గుళ్ళో నాట్యమాడే నికియా, ఆమెని ప్రేమించిన వీరుడు, ఫకీర్లు, పాము కాటు. ఆ కట్టూ బొట్టూ చూస్తే మనకి నవ్వొస్తుంది, ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది కూడా. కానీ అందులో ఛాయల లోకం అని ఒక సీనుంది, తెల్లబట్టల్లో 24 మంది ఏటవాలు దారి మీద నుంచి ఒక్కొక్కరే అదే అడుగు వేస్తూ దిగుతారు, మొదట దిగిన అమ్మాయి ఆ ఒక్క అడుగునే ఎన్నిసార్లు వేయాలో లెక్కేసుకోండి, ఒక్క కాలు వణికినా హాలంతటికీ తెలిసిపోతుంది. ఆ సీన్ కోసం మిగతాదంతా క్షమించేస్తా. రెండో ఏడు చూద్దురుగాని.

ఇంకోటి, "ఇది మన కళ కాదు కదా" అని ముఖం పెట్టేవాళ్ళకి. ఉదయ్ శంకర్ 1923లో రష్యన్ బ్యాలే తార అన్నా పావ్లోవాతో కలిసి రాధాకృష్ణులుగా ఆడింది ఈ లండన్ కోవెంట్ గార్డెన్ ఒపేరా హౌస్‌లోనే. భరతనాట్యానికి అంత చేసిన రుక్మిణీదేవి అరుండేల్ ముందు నేర్చుకుంది బ్యాలేనే, సొంత దేశపు నాట్యం వైపు చూడమని ఆవిడకి చెప్పింది కూడా ఆ పావ్లోవానే. కాబట్టి మొహమాటం లేకుండా వెళ్ళండి.

2. ఎక్కడ

ముఖ్యంగా మూడు హాళ్ళు గుర్తుపెట్టుకోండి. కోవెంట్ గార్డెన్‌లో రాయల్ ఒపేరా హౌస్, అక్కడ రాయల్ బ్యాలే వాళ్ళుంటారు. 2024లో సంస్థ పేరు రాయల్ బ్యాలే అండ్ ఒపేరా అని మార్చుకున్నారు కాబట్టి సైట్‌లో ఆ పేరు కనబడితే కంగారు పడొద్దు, బిల్డింగ్ అదే. ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కన కొలీజియం, చలికాలంలో అక్కడ ఇంగ్లిష్ నేషనల్ బ్యాలే ఆడుతుంది. ఏంజెల్ స్టేషన్ దగ్గర శాడ్లర్స్ వెల్స్, కొత్త రకం డాన్సంతా ఎక్కువగా అక్కడే, మగ హంసలతో మాథ్యూ బోర్న్ 1995లో చేసిన స్వాన్ లేక్ పుట్టింది కూడా అక్కడే. మొదటిసారికి ఒపేరా హౌస్‌కే వెళ్ళండి, ఆ ఎర్ర వెల్వెట్, ఆ బంగారు రంగు, ఒక్కసారైనా చూడాలి.

3. సీటు

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. నేనూ పడ్డా. మొదటి ఏడాది ఒక థియేటర్‌లో చౌకగా ఉందని పక్క బాల్కనీ చివర్న టికెట్ కొన్నా, వ్యూ సరిగా ఉండదని అక్కడ రాసే ఉంది, ఎంత తగ్గుతుందిలే అనుకున్నా. స్టేజిలో మూడో వంతు కనపడలేదు, హీరోయిన్ సరిగ్గా ఆ మూడో వంతులోనే చచ్చిపోయింది, జనం చప్పట్లు కొడుతుంటే అప్పుడర్థమైంది నాకు.

డబ్బులు తక్కువుంటే పైన ఆంఫీథియేటర్‌లో, అంటే అన్నిటికన్నా పై అంతస్తులో, వీలైనంత మధ్యలో తీసుకోండి, వెనక వరసైనా పర్లేదు, పక్కకి మాత్రం పోవద్దు. కింద స్టాల్స్‌లో కూర్చుంటే ముఖాలు కనపడతాయి, చెమట కనపడుతుంది, కానీ వరసలు కనపడవు. బ్యాలే సగం వరసల్లోనే ఉంది. పండక్కి మా అమ్మమ్మ వాకిట్లో వేసిన ముగ్గుని గుమ్మంలో నిలబడి చూడ్డానికీ డాబా ఎక్కి చూడ్డానికీ ఎంత తేడానో అంత తేడా. జిజెల్ రెండో అంకంలో దయ్యాలు రెండు గుంపులుగా ఒంటికాలి మీద గెంతుకుంటూ ఒకదాన్లోంచి ఒకటి దూసుకుపోతాయి, అది పైనుంచి చూడాల్సిన విషయం. ముఖాల కోసం చిన్న బైనాక్యులర్ తీసుకెళ్ళండి, కానీ రెండు గంటలూ దాన్ని కళ్ళకి అతికించుకుని కూర్చుంటే ఇక పైన కూర్చుని లాభమేంటి.

టికెట్లు నెలల ముందే అమ్మకానికి పెడతారు, మెంబర్లకి ముందు, మనకి తర్వాత. అయిపోయాయని దిగులు పడొద్దు. ఒపేరా హౌస్ సైట్‌లో ఫ్రైడే రష్ అని ఉంటుంది, శుక్రవారం మధ్యాహ్నం 1 గంటకి తర్వాతి వారం షోలకి కొన్ని టికెట్లు వదులుతారు, లంచ్ మీటింగ్ పెట్టుకోకుండా పది నిమిషాల ముందే లాగిన్ అయి కూర్చోండి, తత్కాల్ టికెట్ బుక్ చేసిన చేతులు మనవి, మనకి కొత్తేం కాదు. ముందే కొన్నవాళ్ళు రాలేక తిరిగిచ్చేసిన టికెట్లు కూడా షో రోజు పొద్దున సైట్‌లో ఒకటీ అరా కనపడుతుంటాయి. నిలబడి చూసే టికెట్లూ ఉంటాయి, నడుం బావుంటే.

4. ఎవరు చేస్తున్నారో చూడండి

ఇది చాలామంది వదిలేస్తారు, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. ఒకే బ్యాలేని ఒకే నెలలో ఐదారు జంటలు వంతులవారీగా చేస్తాయి, ఏ తేదీన ఎవరో సైట్‌లో రాసి ఉంటుంది. ఏదో డేట్ కుదిరిందని కొనేయడం కాదు. మనవాళ్ళు పద్యనాటకాలకి ఎలా వెళ్ళేవాళ్ళో గుర్తు చేసుకోండి, కృష్ణరాయబారంలో ఏం జరుగుతుందో తెలియక వెళ్ళేవాళ్ళా, ఈ రోజు కృష్ణుడెవరు, ఆ పద్యం ఎలా అందుకుంటాడు, రాగం ఎంతసేపు లాగుతాడు, అందుకు వెళ్ళేవాళ్ళు, నచ్చితే వన్స్‌మోర్ కొట్టించేవాళ్ళు. బ్యాలే కూడా అచ్చంగా అంతే. అడుగులు అవే, సంగీతం అదే, మనిషి మారితే కథ మారిపోతుంది.

అందుకే నా సలహా ఏంటంటే, ఏడాదికి నాలుగు టికెట్ల డబ్బులుంటే నాలుగు వేర్వేరు బ్యాలేలు చూడకండి, రెండు బ్యాలేలు రెండేసి సార్లు వేరే వేరే కాస్ట్‌తో చూడండి. లిస్టులో టిక్కులు పెట్టుకునేవాళ్ళకి ఇది నచ్చదు, నాకు తెలుసు.

పెద్ద పేర్లున్న రోజులు తొందరగా అయిపోతాయి, మరియనెలా నూన్యెజ్ పేరుంటే ఇక చూడక్కర్లేదు, 2002 నుంచీ రాయల్ బ్యాలేలో ప్రిన్సిపల్‌గా, అంటే మొదటి శ్రేణి డాన్సర్‌గా ఉంది, ఇప్పటికీ ఆమె నవ్వితే ఆంఫీథియేటర్ చివరి వరసకి కూడా తెలుస్తుంది. కానీ మధ్యాహ్నం షోల మీద కూడా ఒక కన్నేసి ఉంచండి, కొత్తవాళ్ళకి మొదటి అవకాశాలు చాలాసార్లు అక్కడే ఇస్తారు, ఆ భయం, ఆ తెగింపు చూడ్డానికి భలే ఉంటుంది. ఒక్కోసారి దెబ్బ తగిలి ఆఖరి నిమిషంలో మనిషి మారిపోతారు, దానికి డబ్బులు వెనక్కి రావు, సర్దుకోవాలి.

5. వెళ్ళే ముందు అరగంట పని

కథ చదువుకుని వెళ్ళండి. సస్పెన్స్ పోతుందని చదవకుండా వెళ్తే మొదటి అంకమంతా ఎవరు ఎవరి అన్నో అనుకుంటూ కూర్చుంటారు, ఇక్కడ మాటలుండవు కదా.

మాటలుండవు కానీ చేతులు మాట్లాడతాయి, అది మనకి కలిసొచ్చే విషయం. చేతులు తల పైకెత్తి ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే డాన్స్ చేద్దాం అని. రెండు చేతులూ గుండె మీద పెడితే ప్రేమ. ఉంగరం వేలు చూపిస్తే పెళ్ళి. రెండు వేళ్ళు ఆకాశం వైపు ఎత్తితే ఒట్టు, ఇది కనపడగానే వీడు మాట తప్పుతాడు అని రాసి పెట్టుకోండి. పిడికిళ్ళు బిగించి మణికట్ల దగ్గర అడ్డంగా దింపితే చావు. అంతే, ఈ ఐదూ తెలిస్తే పాత బ్యాలేలన్నీ గట్టెక్కేయొచ్చు. కూచిపూడిలో అన్ని హస్తాలు బట్టీ పట్టించిన మా మాస్టారు ఇది చూస్తే ఇంతేనా అని నవ్వుతారు.

6. షో రోజు

టైమ్‌కి వెళ్ళండి. 7:30 అంటే 7:30కే తలుపులేస్తారు, ఆలస్యమైతే మధ్యలో లోపలికి పంపరు, ఇంటర్వెల్ దాకానో అంకం మారేదాకానో బయట టీవీలో చూడాల్సిందే. 7 గంటలకే అక్కడుండేలా చూసుకోండి. కోవెంట్ గార్డెన్ స్టేషన్‌లో లిఫ్ట్ క్యూ చూసి మెట్లెక్కుదాం అనుకోకండి, 193 మెట్లు, గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి, తిరుమల నడిచి ఎక్కిన మా మేనమామ కూడా సగంలో ఆగి గోడ పట్టుకున్నాడు. లెస్టర్ స్క్వేర్‌లో దిగి నడవండి, ఐదు నిమిషాలు.

బట్టల గురించి హైరానా వద్దు, జీన్స్‌లో వచ్చేవాళ్ళు బోలెడుమంది. కానీ చీర కట్టుకోవాలనిపిస్తే కట్టుకోండి, నేను మంగళగిరి చీర కట్టుకెళ్ళిన రోజు క్లోక్‌రూమ్ దగ్గర ఒక పెద్దావిడ అంచు పట్టుకుని చూసి ఎక్కడిదని అడిగింది. పెద్ద కోటు, బ్యాగు క్లోక్‌రూమ్‌లో ఇచ్చేయండి, పై సీట్లలో మోకాళ్ళకే చోటుండదు.

తిని వెళ్ళండి, లోపల ధరలు చూస్తే ఆకలి చచ్చిపోతుంది. మేమైతే పులిహోర డబ్బా తెచ్చుకుని బయట పియాజా అనే ఆరుబయట చోటులో బెంచి మీద కూర్చుని కానిచ్చేస్తాం. ఇంటర్వెల్‌లో ఒక ఐస్‌క్రీమ్ కొనుక్కుంటే చాలు, అది తినకపోతే షో చూసినట్టే ఉండదు.

7. లోపల ఏం చూడాలి

కొత్తవాళ్ళు చేసే పని ఏంటంటే హీరోయిన్ కాళ్ళు తప్ప ఇంకేం చూడరు. కాళ్ళు చూడండి, కానీ ఎలా దిగుతుందో చూడండి, ఎగరడం చాలామందికి వచ్చు, చప్పుడు కాకుండా దిగడం కొందరికే వచ్చు. మునివేళ్ళ మీద నిలబడ్డానికి వేసుకునే ఆ బూట్ల ముక్కులో చెక్క ఉంటుందనుకుంటారు, ఉండదు, గుడ్డా కాగితం పొరలు జిగురుతో అతికించి గట్టిపరిచినవి, కొత్తవైతే టకటకమంటాయని డాన్సర్లు వాటిని వేసుకునే ముందు నేలకేసి కొట్టి మెత్తబరుస్తారు. స్వాన్ లేక్‌లో హంసలన్నీ ఒకేసారి పరిగెత్తుకొస్తుంటే వానచినుకులు రేకుల కప్పు మీద పడ్డట్టు వినపడుతుంది, మొదట్లో నాకది ఏదోలా ఉండేది, ఇప్పుడు ఆ చప్పుడు లేకపోతే వెలితిగా ఉంటుంది.

స్వాన్ లేక్‌లోనే హీరోయిన్‌లా కనపడి రాకుమారుణ్ణి మోసం చేసే నల్ల హంస 32 సార్లు ఒంటికాలి మీద తిరిగే ముక్కుంది, హాల్లో సగం మంది వేళ్ళు మడుస్తూ లెక్కపెడతారు. లెక్కపెట్టకండి, తిరుగుతున్నంతసేపూ ఆ నిలబడ్డ కాలు ఉన్నచోటే ఉందా, కొంచెం కొంచెం ముందుకి జారిపోతోందా అది చూడండి. తరంగంలో ఇత్తడి పళ్ళెం మీద అడుగులు ఎన్నని ఎవరైనా లెక్కపెడతారా, తల మీద చెంబులో నీళ్ళు తొణికాయా లేదా అని చూస్తాం గానీ.

ఇంకో మాట, ఒక్క ఐదు నిమిషాలు హీరోయిన్ని వదిలేసి వెనక వరసలో ఒక అమ్మాయిని ఎంచుకుని ఆమెనే చూడండి. హీరోయిన్ సోలో అయ్యేదాకా ఆ పిల్ల కదలకుండా ఒకే భంగిమలో నిలబడాలి, కాలు తిమ్మిరెక్కినా సరే, తర్వాత ఒక్కసారిగా ఎగరాలి. టికెట్ డబ్బుల్లో సగం ఆ పిల్లకే చెందాలని నాకనిపిస్తుంటుంది.

8. చప్పట్లు

సోలో అయ్యి డాన్సర్ ఆగి వంగితే కొట్టండి, పక్కవాళ్ళు కొడితే కొట్టండి, అంతే. ఈలలు వద్దు, చివర్లో బ్రావో అరవొచ్చు. షో నడుస్తున్నప్పుడు ఫోన్ బయటికి తీయొద్దు, ఆ వెలుగు పది వరసల దాకా కొడుతుంది. ఆఖర్న అందరూ వచ్చి దండాలు పెట్టేటప్పుడు ఫోటోలు తీసుకుంటారు, అప్పుడు తీసుకోండి.

9. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటే

ఏడాదికోసారి వరల్డ్ బ్యాలే డే అని జరుగుతుంది, 2014లో మొదలైంది, పెద్ద పెద్ద కంపెనీలు పొద్దున చేసే క్లాసుని, రిహార్సల్స్‌ని నెట్‌లో ఉచితంగా చూపిస్తాయి. షో కన్నా ముందు ఆ క్లాస్ చూడమంటా నేను, ఎంత పెద్ద స్టార్ అయినా రోజూ ఆసరాగా బిగించిన అడ్డకర్ర పట్టుకుని మోకాళ్ళు వంచడం దగ్గర్నుంచే మొదలుపెడుతుంది.

10. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాలంటే

భయపడకండి. నేనూ చాలా వెనకాడా, మా అమ్మకి మూడు నెలల వీసా, చలి, మోకాళ్ళ నొప్పులు, పైగా పొట్టి గౌన్లు చూసి ఏమంటుందో అని. జిజెల్‌కి తీసుకెళ్ళా, అందులో గౌన్లు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఆ గొడవా లేదు. కథ చెప్పబోతే "ఆగవే, నన్ను చూడనీ" అంది.

మొదటి అంకంలో ఒక చోట ఆ పిల్ల పువ్వు రేకులు తుంచుతుంది, ప్రేమిస్తున్నాడు, ప్రేమించట్లేదు అని, చివరికి లేదు అనే వస్తుందని తెలిసి పువ్వు పడేస్తుంది. వాడు ఆ పువ్వు తీసుకుని ఆమె చూడకుండా ఒక రేకు పీకేసి, ఇదిగో చూడు, సరిగ్గానే వచ్చిందిగా అంటాడు. మా అమ్మ నా మోచెయ్యి పొడిచి, "ఒకటి పీకేశాడు, చూశావా, వీడు దొంగ" అంది, కాస్త గట్టిగానే. ముందు వరసాయన వెనక్కి తిరిగాడు. తర్వాత ఆ పిల్లకి మతి చెడినప్పుడు చేతిలో పువ్వు లేకుండానే గాల్లో ఆ రేకులు మళ్ళీ తుంచుతుంది, అప్పుడు మా అమ్మ ఏం మాట్లాడలేదు, పమిట చెంగు మాత్రం ముఖం దగ్గరికెళ్ళింది.

తిరిగొస్తుంటే ట్యూబ్ రైల్లో అడిగింది, "వచ్చే వారం ఇంకో అమ్మాయి చేస్తుందన్నావుగా, టికెట్లు దొరుకుతాయా?" శుక్రవారం 1 గంటకి కూర్చున్నా, ఒక్కటే దొరికింది. ఆవిణ్ణి లోపలికి పంపించి నేను బయట కాఫీ తాగుతూ కూర్చున్నా. బయటికొచ్చి కోటు బొత్తాలు పెట్టుకుంటూ చెప్పింది, "మొన్నటి పిల్ల బెంగతో పోయిందే. ఈ పిల్ల కోపంతో పోయింది."